వాన మొదలైతే బెదిరే పిల్లల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మళ్లీ వానాకాలం కనుక ఈ నెల ఉత్తరం ఆ వరద చూసిన పిల్లల గురించే.

మబ్బు పట్టగానే కడుపునొప్పి అంటారు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. పెద్ద తరగతుల్లోనైతే చిరాకు, కొట్లాటలు, పాఠం మధ్యలో కిటికీ వైపు చూపు. దాన్ని పొగరనుకుని కొడితే భయం ముదురుతుంది. కడుపునొప్పి తగ్గకపోతే మాత్రం ముందు డాక్టరుకు చూపించండి.

వాన చప్పుడు, బురద వాసన, కరెంటు పోవడం: వీటితో ప్రమాదం మళ్లీ వచ్చిందనుకుని గుండె దడదడలాడుతుంది. అప్పుడు ఎంత నచ్చజెప్పినా తలకెక్కదు. పక్కన కూర్చుని, అరికాళ్లు నేలకు ఆనించమనండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నోటితో వదలాలి. ఐదారుసార్లు చాలు. గట్టిగా, గబగబా పీలిస్తే కళ్లు తిరుగుతాయి. గాలి నిదానంగా వదలడమే ముఖ్యం. మీరూ కలిసి చేయండి. ఏమీ లేనప్పుడే అలవాటు చేస్తే అవసరానికి పనికొస్తుంది.

"ఆ రోజు ఏమైందో ఆంటీకి చెప్పమ్మా" అని చుట్టాల ముందు అడగకండి. తనంతట తను చెబితే వినండి, చాలు. ఫోన్లో వరద వీడియోలు పిల్లల ముందు పెట్టొద్దు. "ఇక వరద రాదు" అని మాటివ్వకండి. రేపు వీధిలో నీళ్లు నిలిస్తే మీ మాట మీద నమ్మకం పోతుంది. నీళ్లొస్తే ఎవరింటికి వెళ్తామో చెప్పండి. టార్చి, మందులు, ఆధార్ జిరాక్సులు, నీళ్ల సీసా, ఒక జత బట్టలు పిల్లలచేతే సంచిలో సర్దించండి. చేతిలో పని ఉంటే బెదురు కొంత తగ్గుతుంది.

దిష్టి తీస్తే తీయండి, కాదనం. కానీ పీడకలలు, బడికి రానని మారాం నెల దాటినా తగ్గకపోతే మానసిక ఇబ్బందులకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. "చచ్చిపోతే బాగుండు" అన్న మాట వింటే నెల ఆగొద్దు, ఒంటరిగా వదలకుండా ఆ రోజే చేయండి. నిద్ర పట్టని పెద్దలకూ అదే నంబరు.

జోరువాన రోజుల్లో ఆలస్యంగా వచ్చినా లోపలికి రానిస్తాం. బడి మాత్రం మాన్పించకండి. ఒకరోజు ఆగితే మర్నాడు పంపడం ఇంకా కష్టం. రాత్రి సరిగా నిద్రపోకపోతే క్లాసు టీచరుకు చిన్న చీటీ రాసి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు