సర్వే వాక్యాల్లో మెలికలొద్దు

సంపాదకులకు,

తిరుపతిలో భక్తులకిచ్చే అభిప్రాయ పత్రాల్లో ‘క్యూలైన్లు, మరుగుదొడ్లు బాగున్నాయి’ వంటి వాక్యాలు కనిపిస్తున్నాయి. క్యూ నచ్చి, మరుగుదొడ్డి నచ్చనివాళ్లు ఏ గడిలో టిక్కు పెట్టాలి? వాళ్ల మాట వృథాయే. ఒక వాక్యానికి ఒకే విషయం ఉండాలి. 1932లో అమెరికా మనస్తత్వవేత్త లైకర్ట్ చూపిన ఐదు మెట్ల పద్ధతిలో (‘పూర్తిగా ఒప్పుకుంటాను’కు 5 మార్కుల నుంచి ‘అస్సలు ఒప్పుకోను’కు 1 మార్కు దాకా) ఒప్పుకోలు, కాదనడం రెండువైపులా సమానంగా ఉండాలి. అన్నీ పొగడ్తలే అయితే, కొండ దిగి బస్సుకు తొందరపడేవాళ్లు అన్నిటికీ ‘ఊ’ అనేస్తారు. అందుకే కొన్ని వాక్యాలు ప్రతికూలంగా రాయాలి. మార్కులేసేటప్పుడు వాటిని తిప్పి 5ను 1గా, 4ను 2గా లెక్కించాలి. ఇది మరిస్తే స్కోరంతా తారుమారే. అసలు సర్వేకు ముందే 40, 50 మందితో నింపించి చూసి, మిగతా వాక్యాల మొత్తం మార్కులతో పొంతన కుదరని వాక్యాన్ని తీసేయాలి.

— సామాజిక సర్వే పరిశోధకులు, తిరుపతి