వార్షిక నివేదిక: సంగనకల్లు కొండల పనులు

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి, ఉగాది కార్యక్రమాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం. ఈ ఏడాది కమిటీ ఓపిక ఎక్కువగా ఖర్చయింది బళ్లారి పక్కనున్న సంగనకల్లు కొండల మీదే కాబట్టి మిగతాదంతా దాని గురించే.

బళ్లారిలో పుట్టి పెరిగినవాళ్లలో కూడా ఆ కొండలు ఎక్కనివాళ్లు బోలెడు మంది. సుమారు 3,500 ఏళ్ల కిందట అక్కడ పశువులు కాసుకునే జనం గుండ్రటి గుడిసెలు వేసుకుని కాపురాలు చేశారు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దంలోనే ఈ చోటును గుర్తించాడు. 1940ల్లో పురావస్తు శాస్త్రవేత్త బెండపూడి సుబ్బారావు ఇక్కడ తవ్వకాలు చేశారు. తడికెలకు మట్టి మెత్తిన గోడలు ఎప్పుడో కరిగిపోయాయి. చాలాచోట్ల మిగిలిన గుర్తు అడుగున పేర్చిన రాళ్లే. అందుకే మనం ఈ కొండల మీదికి పెట్టిన నడకకు వచ్చినవాళ్లకు మొదట చెప్పిన మాట: కూర్చోవడానికని ఏ రాయినీ జరపొద్దు.

ఈ కొండల్లో ఒకటైన హిరేగుడ్డ మీద పిల్లలు ఎక్కువసేపు ఆగారు. నల్లరాతి గొడ్డళ్లు తయారైన చోటది, నేలంతా రాతి పెచ్చులే. గొడ్డలిని సానపట్టిన గాడిలో వేలు పెడితే అద్దంలా నున్నగా తగులుతుంది. జేబుల్లో వేసుకున్న పెచ్చులు మళ్లీ అక్కడే పెట్టించేసరికి పెద్దలకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ కొండల మీది మోగే రాళ్ల గురించి కమిటీలో గట్టి వాదనే నడిచింది. రాయితో కొడితే గంటలా ఖంగుమంటాయి కాబట్టి ప్రతివాడికీ ఫోన్‌లో వీడియో కావాలి. పాతకాలం వాళ్లు కొట్టి కొట్టి చేసిన గుంటల మీద మనం కొత్త దెబ్బలు వేస్తే వాటిని విడదీసేదెవరు? ఇకపై మన నడకల్లో ఎవరూ కొట్టకూడదని తీర్మానించాం. కొందరు అలిగారు, అలగనివ్వండి.

పరిశోధకులు ఇక్కడ తవ్విన మట్టిని నీళ్లలో కలిపితే పైకి తేలిన మాడు గింజల్లో ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఉన్నాయని చెప్పగానే వంటల బృందం ఊరుకోలేదు. నడక రోజు భోజనం అండుకొర్రల అన్నం, ఉలవచారు. నడక కంటే దానికే పేరొచ్చింది.

కంకర కోసం కొండను ఇప్పటికే కొంత తినేశారు. మిగిలినదానికి హద్దురాళ్లు, కన్నడంతోపాటు తెలుగులోనూ ఒక బోర్డు కావాలని అర్జీ ఇచ్చాం. జవాబు రాలేదు, మళ్లీ ఇస్తాం. వచ్చే ఏడాది నడకలకు చిన్న బృందాలనే తీసుకెళ్తాం. పేర్లు కార్యదర్శి దగ్గర ముందుగా రాయించుకోండి.