మెంబ్రేన్ వేయించే ముందు ఒక్కసారి చదవండి

అందరికీ నమస్కారం. చదును కప్పుకు సింగిల్ ప్లై మెంబ్రేన్ (నీళ్లు దిగకుండా కప్పు మీద పరిచే ఒకే పొర షీటు) వేయించాలని కొందరు అడుగుతున్నారు, అందుకే ఈ మాట.

షీటు ఏ రకమన్నదాని కంటే అతుకు ఎలా వేశారన్నదే ముఖ్యం. టీపీఓ, పీవీసీ అనే ప్లాస్టిక్ రకం షీట్ల అంచులను వేడిగాలితో కరిగించి ఒకటిగా అతికిస్తారు. ఈపీడీఎం రబ్బరు షీటు అలా కరగదు, దానికి టేపో జిగురో వాడాల్సిందే. వెల్డింగ్ పూర్తిగా చల్లారాక, మొన మొద్దుగా ఉన్న ప్రోబ్‌ని (అతుకు పరీక్షించే సన్నని పనిముట్టు) అతుకు అంచు వెంబడి నొక్కుతూ లాగి చూపించమనండి. అది ఎక్కడ లోపలికి దూరితే అక్కడే రేపు నీళ్లు దిగుతాయి. ఈ పరీక్ష మీ కళ్లముందే జరగాలి, దయచేసి మొహమాటపడకండి. పైపులు, డ్రెయిన్లు, పిట్టగోడ మూలల దగ్గర మరీ జాగ్రత్త.

పాత తారు పొర మీద పీవీసీని నేరుగా పరచనివ్వకండి. తారు తగిలితే షీటుకు మెత్తదనం ఇచ్చే పదార్థం బయటికి పోయి అది పెళుసుబారుతుంది. మధ్యలో వేరే పొర ఉండాల్సిందే.

షీటు మందం 1.5 మి.మీ. అయితే మంచిది, కప్పు వాలు 2 శాతమైనా ఉండాలి. వాన వెలిసిన 48 గంటలకు కూడా నీళ్లు నిలిచే ఉంటే ముందు వాలు సరిచేయించండి, షీటు సంగతి తర్వాత.

కొటేషన్లు వచ్చినవాళ్లు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.