కారు కొనడానికి రెడీ, పార్కింగ్‌లో ప్లగ్ ఏదండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఎలక్ట్రిక్ కారు ఇప్పుడే కొనాలా, ఆగాలా అని మా ఇంట్లో ఏడాదిగా ఇదే గొడవ. మా బావమరిదేమో సాలిడ్ స్టేట్ బ్యాటరీలు (లోపల ద్రవం బదులు ఘనపదార్థం ఉండే కొత్త రకం) వస్తాయి ఆగు బావా అంటాడు. నాకైతే ఇప్పుడున్న బండ్లే చాలండి, చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు వారంటీ ఇస్తున్నాయి, జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే, నా డ్యూటీ ఎచ్చెర్లలో, పోను రాను 30 కిలోమీటర్లు కూడా ఉండదు. నెలకోసారి అమ్మని విశాఖ హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి, అది మాత్రం రానూపోనూ 220 దాకా అవుతుంది, ఒక్క చార్జింగ్‌తో ఇంత దూరం వెళ్తుందని కంపెనీ చెప్పే రేంజ్ హైవే మీద ఏసీ వేస్తే రాదని నాకూ తెలుసు. అయినా డాక్టర్ దగ్గర కూర్చునే టైంలో ఫాస్ట్ చార్జర్‌కి పెడితే 80 శాతం దాకా గబగబా ఎక్కుతుంది, తిరిగి రావడానికి అది చాలు.

మరి నేనెందుకు ఆగానంటే, మాది అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. కింద పార్కింగ్‌లో ప్లగ్ లేదు. నా మీటర్ నుంచే లైను లాక్కుంటా, ఖర్చూ బిల్లూ నావే అని అసోసియేషన్ మీటింగ్‌లో అడిగితే "ఒకరికిస్తే అందరూ అడుగుతారు" అన్నారు. అడగనివ్వండి, తప్పేముంది? ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే బండి చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 గైడ్‌లైన్స్‌లోనే ఉంది, ఆ కాగితం ప్రింట్ తీసి పట్టుకెళ్లినా ఒక్కరూ చదవలేదు.

పక్క ఫ్లాట్ అబ్బాయి పాపం స్కూటర్‌కి బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ దింపుతాడు. మొన్న ఆ వైరు పక్కకి జరుపుదామని పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది, ప్లగ్ దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి కమురు వాసన. చిన్న కారైనా 15 ఆంప్స్ ప్లగ్ మీద 8, 9 గంటలు ఆగకుండా లాగుతుంది, దానికి విడిగా మంచి వైరింగ్, ఎర్తింగ్, లోడు ఎక్కువైతే కరెంటు దానంతటదే ఆపేసే ఎంసీబీ ఉండాల్సిందే.

2018లో తిత్లీ తుఫానప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, మా అత్తవారిది పలాస వైపే. అందుకే ఇంటికి ఒక్క కారే ఉన్న అటువైపు పల్లెల వాళ్లని నేను తొందరపెట్టను. శ్రీకాకుళం, విజయనగరంలో సొంతిల్లు, సొంత మీటర్ ఉన్నవాళ్లు మాత్రం దేనికోసం ఆగుతున్నారో నాకర్థం కాదు.

మున్సిపల్ వాళ్లకీ, కరెంటు ఆఫీసు వాళ్లకీ మీ పేపర్ ద్వారా చెప్తున్నా, కొత్త అపార్ట్‌మెంట్ ప్లాన్ ఇచ్చేటప్పుడే మీటర్ల నుంచి పార్కింగ్‌కి వైర్లు లాగే పైపులు వేయించండి, పాతవాటిలో ఎవరి మీటర్ నుంచి వాళ్లు లైను తీసుకుంటే అడ్డుపడకుండా గట్టి ఆర్డర్ ఇవ్వండి. అది వచ్చిన వారమే నేను బుకింగ్ డబ్బు కట్టేస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, బలగ, శ్రీకాకుళం