అడయారు మొగలో కరెంటు లెక్క

చెన్నై

ఒరేయ్ సత్యం,

అడయారు నది సముద్రంలో కలిసే మొగలో పోటుకి నీళ్లు ఎదురెక్కుతున్నప్పుడు ఓ టర్బైన్ దింపితే బెసెంట్ నగర్ వీధి దీపాలు వెలగవా అని అడిగావు. వెలుగుతాయి, రెండో మూడో.

గేట్లు కట్టి, పోటు నీళ్లు పట్టి, ఆటుకి వదిలే పద్ధతిలో శక్తి నీటిమట్టం తేడా వర్గాన్ని బట్టి వస్తుంది. ఫ్రాన్సులో లా రాన్స్ నది మీద 1966లో మొదలైన 240 మెగావాట్ల కేంద్రం దగ్గర ఆ తేడా సగటున 8 మీటర్లు. చెన్నైలో అమావాస్యకి కూడా మీటరు అటూఇటూ. అంటే అదే వైశాల్యానికి ఎనిమిదో వంతు కాదురా, అరవై నాలుగో వంతు! పైగా అడయారు మొగని ఇసుక మేట వేసి మూసేస్తుంటుంది. మూసుకుంటే పోటే లోపలికి రాదు. మన దేశంలో ఈ మాట ఎత్తాలంటే తేడా 11 మీటర్ల దాకా ఉండే గుజరాత్ ఖంభాత్ సింధుశాఖకే పోవాలి.

ఇక కట్టేమీ లేకుండా ప్రవాహంలో రెక్కలు దింపడం. ఇక్కడ శక్తి వేగం ఘనాన్ని బట్టి. సెకనుకి 1 మీటరు వేగంతో పోయే ఉప్పునీటిలో చదరపు మీటరుకి 512 వాట్లుంటాయి. చిన్న యంత్రంతో తీగలోకి వచ్చేది 150. వేగం సగమైతే 19! ఆటుపోట్ల మధ్య నీళ్లు రోజుకి నాలుగుసార్లు నిలిచిపోతాయి కాబట్టి, గరిష్ఠ వేగం 1 మీటరున్న చోట రోజంతా కలిపి యూనిటున్నర. అది డాబా మీద 400 వాట్ల సోలార్ పలక ఒక్కటే ఇస్తుంది, తడవకుండా.

అయినా నీ యానాం దగ్గర గౌతమిలో కొలిచి చూడు. వరద నెలల్లో వద్దు, అప్పటి వేగం గోదావరిది, పోటుది కాదు. వేసవిలో, అమావాస్యకి ఒకసారి, అష్టమికి ఒకసారి. గట్టున 20 మీటర్ల ఎడంగా రెండు గుంజలు పాతు. సీసాలో మూతి మాత్రం పైకి తేలేలా నీళ్లు పోసి వదులు, ఒక గుంజ నుంచి రెండోదాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూడు; 20ని ఆ సెకన్లతో భాగిస్తే వేగం. అరగంటకోసారి, పూర్తిగా ఒక పోటూ ఆటూ అయ్యేదాకా, అంటే పన్నెండున్నర గంటలు. వచ్చిన వేగాన్ని 0.85తో గుణించు, పైనీళ్లు ఎప్పుడూ కాస్త తొందరగా పోతాయి.

యంత్రం కడితే నిలువు ఇరుసుది కట్టు, నీళ్లు ఎటు పోయినా ఒకవైపే తిరుగుతుంది. అల్యూమినియం రెక్కని స్టెయిన్‌లెస్ బోల్టుతో నేరుగా బిగించకు, ఉప్పునీటిలో అల్యూమినియం తినుకుపోతుంది. మధ్యన నైలాన్ బుష్, వాషరు వెయ్యి, పక్కన జింక్ దిమ్మె తగిలించు. రెక్కలకి గుల్లలు పడితే గరుకెక్కి పట్టు తగ్గుతుంది, గీకుతూ ఉండాల్సిందే. అన్నిటికన్నా పెద్ద శత్రువు తెగిన వలలు, ప్లాస్టిక్ సంచులు. ముందు ఏటవాలు కడ్డీలు పెట్టకపోతే మొదటి పోటుకే ఇరుసుకి చుట్టుకుంటాయి.

గరిష్ఠ వేగం సెకనుకి 1.5 మీటర్లు దాటితే ఉత్తరం రాయి, యంత్రం డ్రాయింగు గీసి పంపుతా. దాటకపోతే సోలార్ పలక కొనుక్కో.

నీ,
రఘు