ప్రథమ భూదాత పేరిట ఓ వనం కావాలి

సంపాదకులకు నమస్కారం. మాది భూదాన్ పోచంపల్లి. మగ్గం మీద బతికే ఇల్లు. భూదానోద్యమానికి 2026తో 75 ఏళ్లు. ఈ సందర్భంగా ప్రథమ భూదాత వెదిరె రామచంద్రారెడ్డి గారి పేరిట మా ఊళ్లో ఒక వనం పెంచాలని అధికారులను కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే మా ఊరికి వచ్చారు. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం అయ్యాక కాలినడకన నల్లగొండ పల్లెలు తిరుగుతున్నారు. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ఇంకా ఆగని రోజులవి. ఇక్కడి 40 దళిత కుటుంబాలు ఆయన ముందు చెప్పుకున్నది ఒక్కటే, బతకడానికి భూమి కావాలని. ఎంత కావాలంటే 80 ఎకరాలన్నారు, 40 తరి (నీటి వసతి ఉన్నది), 40 కుష్కి (మెట్ట). సర్కారు ఇచ్చేదాకా ఆగకుండా ఊళ్లోవాళ్లే ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా అడిగితే, రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగినదానికంటే 20 ఎకరాలు ఎక్కువ! ఆ మాటతో మొదలై దేశమంతటా 40 లక్షల ఎకరాలకు పైగా దానంగా వచ్చింది. బయటి ఊళ్లవాళ్లు మాత్రం పోచంపల్లి అనగానే చీరల గురించే అడుగుతారు. చీరలు మా అన్నం, కాదనను. కానీ ఊరి పేరు ముందు 'భూదాన్' ఎందుకొచ్చిందో మా పిల్లలకైనా తెలియాలి కదా.

వనం కోసం సాగుకు పనికొచ్చే భూమిని ఒక్క గుంట కూడా తీయొద్దు. భూదాన్ భూమి ఎక్కడైనా మిగిలి ఉంటే అది భూమి లేనివాళ్లకే చెందాలి. కబ్జాల వార్తలు చదివినప్పుడల్లా కడుపు మండుతుంది. చెరువు గట్లు, రాళ్లు తేలిన సర్కారు జాగాలు చాలు ఈ పనికి.

మొక్కల విషయంలో ఒక చేనేత మనిషిగా నా మాట వినండి. పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ తెచ్చి పెట్టొద్దు. వేప, చింత, కానుగ, నేరేడుతో పాటు మోదుగ, కరక పెట్టండి. ఎండిన మోదుగ పూలను నానబెట్టి మరిగిస్తే పసుపు రంగు దిగుతుంది. కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో నూలు నానబెడితే అది లేత గోధుమ పసుపుకు తిరిగి, ఆపైన వేసే రంగును గట్టిగా పట్టుకుంటుంది. ఇప్పుడు మేం చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట నూలును రబ్బరు పట్టీలతో బిగించి, ముంచేవి చాలావరకు రసాయన రంగులే. రబ్బరు పట్టీ విప్పేటప్పుడు వేళ్ల సందుల్లో దిగిన ఆ రంగు ఎంత కడిగినా వారం దాకా పోదు. ఊళ్లోనే రంగుల చెట్లుంటే నేర్చుకోవాలనుకునే పిల్లలకు కొంతైనా దారి దొరుకుతుంది. భూమి ఇచ్చిన మనిషి పేరున పెరిగే వనం ఊరివాళ్ల చేతులకు పని ఇస్తే ఆయనకు అంతకంటే గౌరవం ఏముంటుంది!

ఏప్రిల్‌లో సభ పెట్టి ఆ ఎండలో మొక్కలు నాటితే మాత్రం అన్నీ మాడిపోతాయి. ఎండాకాలంలో గుంతలు తీసి మట్టిని ఎండనిచ్చి, మృగశిర వానలు పడ్డాక నాటాలి. మా దగ్గర రోడ్డు పక్కన లోగడ పెట్టిన మొక్కల్లో చాలావరకు మొదటి వేసవికే పోయాయి. ఊతకర్రలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. నాటడానికి ఫొటోల నిండా జనమే, నీళ్లు పోయడానికి ఒక్కరు లేరు. అందుకే కనీసం మూడు వేసవుల దాకా నీళ్లు పోసే మనిషికి జీతం, ట్యాంకర్ ఖర్చు ముందే మంజూరు చేయాలి. మేకలు పడకుండా చుట్టూ కంచె వేయాలి. ఇవి లేకుండా వనం మొదలుపెట్టొద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

మొదటి మొక్క నాటే గౌరవం ఆ రోజు భూమి అడిగిన 40 కుటుంబాల వారసులకు దక్కాలి, వాళ్ల పక్కన దాత కుటుంబంవాళ్లు నిలబడాలి. నాయకులు వస్తే సంతోషం, వాళ్ల తర్వాత నాటుతారు. జిల్లా కలెక్టర్ గారు ఒకసారి ఊరివాళ్లను కూర్చోబెట్టి స్థలం తేల్చితే, గుంతలు తవ్వే పనికి మా వీధి ఆడవాళ్లం వస్తాం.

ఇట్లు,
ఒక చేనేత కార్మికురాలు,
భూదాన్ పోచంపల్లి, యాదాద్రి భువనగిరి జిల్లా