ప్రోటాన్లు పెరిగినంత మాత్రాన పంపు ఎక్కువ తోడదు

సంపాదకులకు,

హైదరాబాద్ కాలేజీల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుల కాలమిది. కాంతితో ప్రోటాన్లను తోడే బ్యాక్టీరియోరొడాప్సిన్ అనే ప్రోటీన్ మీద చేసే ప్రాజెక్టుల్లో ఒకే పొరపాటు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. ఆమ్లత పెరిగితే ప్రోటాన్లు ఎక్కువ దొరుకుతాయి కనుక పంపు కూడా ఎక్కువ తోడుతుందని రాసేస్తున్నారు. మీ సైన్స్ పేజీని విద్యార్థులు చదువుతారన్న నమ్మకంతో ఈ ఉత్తరం.

ఉప్పుమడుల్లో బతికే హాలోబ్యాక్టీరియం పొరలో ఉండే ఈ ప్రోటీన్‌ను 1971లో ఓస్టర్‌హెల్ట్, స్టోకేనియస్ గుర్తించారు. 248 అమైనో ఆమ్లాల గొలుసు పొరను ఏడుసార్లు దాటుతుంది. మధ్యలో విటమిన్-ఎ నుంచి వచ్చే రెటినాల్ ఉంటుంది. వెలుగు పడితే రెటినాల్ మెలి తిరిగి, అది అతుక్కున్న చోటి ప్రోటాన్ గొలుసులో 85వ స్థానంలోని ఆస్పార్టేట్‌కు చేరుతుంది. ఆ లోటును కణం లోపలి వైపున్న 96వ ఆస్పార్టిక్ ఆమ్లం తీరుస్తుంది. పీహెచ్ 7 దగ్గర ఈ చుట్టు సుమారు 10 మిల్లీసెకన్లలో ముగుస్తుంది.

85వ స్థానం ఖాళీగా ఉంటేనే ఇదంతా సాగుతుంది. పీహెచ్ 3 దిగువకు, అంటే దాదాపు చింతపండు గుజ్జంత పులుపుకు వెళ్తే, అక్కడ ముందే ప్రోటాన్ కూర్చుంటుంది. ప్రోటీన్ అన్నిటికన్నా ఎక్కువగా పీల్చుకునే వెలుగు 568 నానోమీటర్ల నుంచి 605 వైపు జరిగి, ఈ ప్రోటీన్ నిండిన ఊదా పొర నీలంగా మారుతుంది, పంపు ఆగుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్‌ను ఇంకా తగ్గించి 1 లోపుకు తెస్తే క్లోరైడ్ చేరి ఊదా రంగు తిరిగొస్తుంది. ప్రోటాన్ పంపు మాత్రం తిరిగి రాదు. అయాన్ మార్పిడి రెజిన్‌తో కాల్షియం, మెగ్నీషియం తీసేస్తే యాసిడ్ చుక్క వేయకుండానే పొర నీలమవుతుంది. పొర మీది రుణావేశాన్ని కప్పే అయాన్లు పోయి, ప్రోటాన్లు అక్కడ గుమిగూడడమే కారణం. మీటరు చూపేది ద్రావణం పీహెచ్. పొరను ఆనుకుని ఉన్న పీహెచ్ వేరు. అందుకే ఉప్పు గాఢత రాయని గ్రాఫ్‌ను నమ్మడం కష్టం.

పీహెచ్ 6 చుట్టుపక్కల జరిగేది నిజంగా అందమైన విషయం. దానికి పైన, ప్రోటాన్ ముందు బయటికి పోతుంది, తర్వాత లోపలి వైపు నుంచి కొత్తది వస్తుంది. దాదాపు 5.8 కిందికి దిగితే వరుస తిరగబడుతుంది: ముందు తీసుకుని, చుట్టు చివర్లో వదులుతుంది. 194, 204 గ్లూటమేట్ల దగ్గరున్న విడుదల కేంద్రం ఆ ఆమ్లతలో తన ప్రోటాన్‌ను వదలకపోవడమే ఇందుకు కారణం. పంపు ఆగదు, పని క్రమం మారుతుంది. పీహెచ్ 9 దాటితే ఇబ్బంది వేరు. ప్రోటాన్లు అరుదై 96వ స్థానం ఆలస్యంగా నిండుతుంది, చుట్టు సాగిపోతుంది.

ఇక కొలత. ఊదా పొర ముక్కలను నీళ్లలో కలిపి ఎలక్ట్రోడ్ ముంచితే ఏమీ కనబడదు, ఒక వైపు వదిలిన ప్రోటాన్‌ను రెండో వైపు తీసుకుంటుంది కదా. లైపోజోముల్లో, అంటే కొవ్వు పొరతో చేసిన సూక్ష్మ బుడగల్లో, అమర్చాలి. అందులో ప్రోటీన్ ఎక్కువగా తిరగబడి కూర్చుంటుంది కాబట్టి బయటి పీహెచ్ పెరుగుతుంది; అది తప్పు ఫలితం కాదు. పొటాషియంతో పాటు దాన్ని పొర దాటించే వాలినోమైసిన్ వేయకపోతే విద్యుత్ పీడనం పెరిగి పంపును అడ్డుకుంటుంది. పీహెచ్ మార్పును అడ్డుకునే బఫర్‌గా 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్‌లో 10 మైక్రోమోలార్ ప్రోటీన్ ఒక చుట్టు తిరిగితే పీహెచ్ మార్పు 0.0004 కూడా ఉండదు, ఏ మీటరూ పట్టలేదు. బఫర్‌ను 0.5 మిల్లీమోలార్‌కు తగ్గించాలి. పీహెచ్‌ను చూపే పైరనిన్ రంగు పీహెచ్ 7.2 అటూ ఇటూ మాత్రమే పనిచేస్తుంది. పీహెచ్ 5లో దాన్ని వాడి పంపు చచ్చిందని తేల్చేవారు కొలిచింది రంగు వైఫల్యాన్నే.

దీపానికి 500 నానోమీటర్ల పైవెలుగునే పంపే నారింజ ఫిల్టర్ తప్పనిసరి, నీలి వెలుగు పడితే చుట్టులోని మధ్యదశ వెనక్కి మళ్లి పంపు తగ్గుతుంది. మన ఎండాకాలపు ల్యాబుల్లో దీపం వేడి ఎలక్ట్రోడ్‌ను కదిలిస్తుంది, నీళ్ల గాజుతొట్టె అడ్డుపెట్టండి. చివరగా ప్రోటాన్లను పొర గుండా కారిపోనిచ్చే సీసీసీపీ వేసి చూడండి. అప్పటికీ పీహెచ్ మారుతుంటే అది వేడి పనే.

ఒక జీవభౌతిక శాస్త్ర అధ్యాపకుడు,
హబ్సిగూడ, హైదరాబాద్